నీలిపూల పళ్లేనికి నేను పెట్టిన వంక

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఆగస్టు నెలలో, మచిలీపట్నంలో జరిగే ఇంటి సామాను వేలానికి వెళ్లాల్సి వచ్చింది. హైదరాబాదులో పాత పింగాణీ, యూరప్ చిత్రపటాలు సేకరించే ఒక పెద్దమనిషి తరఫున వేలంపాట పాడటం నా ఉద్యోగం. ఆయన దగ్గరున్న ఒక తైలవర్ణ చిత్రంలో నీలిపూల చైనా పళ్లెంలో నిమ్మకాయలు పోసి ఉంటాయి. అలాంటి పళ్లెమే సంపాదించి ఆ పటం కింద పెట్టుకోవాలని ఆయన కోరిక. అప్పటికే రెండు వేలాల్లో చేజార్చుకున్నాను. "ఈసారీ ఒట్టి చేతుల్తో వస్తే వేరేవాళ్లని చూసుకుంటానండీ" అన్నారు, ఎంతో మర్యాదగా.

వేలానికి ముందురోజు వస్తువుల్ని చేత్తో పట్టుకుని చూడనిస్తారు. జాబితాలో ఉన్న నీలిపూల పళ్లేన్ని వేళ్ల కొసల మీద నిలిపి గోటితో మీటితే ఖంగున మోగింది. బీట ఉంటే ఆ మోత బొంగురుపోతుంది. అడుగున పూత లేని అంచు వేలికి గరుకుగా తగిలింది. అసలు సరుకే! కానీ గుడివాడలో మా నాన్న బట్టల కొట్లో నేర్చిన విద్య ఊరుకోనిస్తుందా? కొనేవాడు కావలసినదాన్ని మెచ్చుకోకూడదు. పోటీకొచ్చినవాళ్లందరికీ వినబడేలా, "అంచు అతికించినట్టుందండీ" అన్నాను.

ఆ మాట ఇంటి యజమానురాలు రూతమ్మగారి చెవిన కూడా పడింది. ఆవిడ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. "అయ్యో, నాకు తెలీదు బాబూ. అతుకు సామాను అంటగట్టి ఆదివారం చర్చికెలా వెళ్తాను?" అంటూ పళ్లేన్ని జాబితాలోంచి కొట్టేయించి, వంటింట్లోకి పట్టుకుపోయారు. జాబితాలో లేనిదానికి పాట ఉండదు.

వంటింటి గుమ్మంలో నిలబడి నిజం ఒప్పుకున్నాను. "గుడివాడ స్టేషనెదుటి బట్టల కొట్టు మాదండీ. అలవాటు."

"మీదేనా ఏంటి? మొదటి జీతంతో అక్కడే చీర కొన్నాను. రంగు పోతే ఒట్టన్నారు. ఒక్క ఉతుక్కి బకెట్టంతా ఎరుపే!" అని నవ్వారు. "నాకు చెబితే సరిపోదు. ఇందాక విన్నవాళ్లందరికీ మీరే చెప్పండి."

పళ్లేన్ని మళ్లీ జాబితాలో చేర్పించారు. మర్నాడు పాట మొదలయ్యే ముందు లేచి నిలబడి, అతుకు మాట అబద్ధమని ఒప్పుకుని, పళ్లెం ఎందుకు మంచిదో మోగించి మరీ చెప్పాను. పోటీదారులు శ్రద్ధగా విన్నారు, అంతకంటే శ్రద్ధగా పాట పెంచారు. మా పెద్దమనిషి ఇంతకు మించొద్దని గీసిన గీతకు ఒక్క మెట్టు కింద, నా పాట మీద సుత్తి పడింది. పళ్లెం ఇప్పుడు ఆ పటం కిందే ఉంది.

ఆ తర్వాత ఏ వేలానికైనా ముందురోజు సరుకు చూసేటప్పుడు నేను నోరు విప్పలేదు. చూసింది పుస్తకంలో రాసుకునేవాణ్ణి. వంక పెడితే కొట్టువాడు ధర తగ్గిస్తాడు, రూతమ్మగారి లాంటివాళ్లు సరుకే తీసేస్తారు.