మోకాళ్ళతో ఎంచిన చెక్క నేల

ఆ రోజుల్లో, అంటే తాడేపల్లిగూడెంలో నాకు కొత్తగా బ్యాంకు ఉద్యోగం వచ్చి, లోకంలో ఏ బాధకైనా ఎక్కడో ఒక కొట్లో మందు దొరుకుతుందని గట్టిగా నమ్మే వయసులో, అమ్మ పోయింది. (ఉద్యోగం, చావు ఒకే వానాకాలంలో వచ్చాయి. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ సగం సగం చేశాను.) కొల్లేటి ఒడ్డున మా ఇంట్లో నాన్నగారూ నేనూ మిగిలాం. పొద్దుగూకగానే కుటుంబ ప్రార్థన చేసుకోవడం మా ఇంటి అలవాటు. నాన్నగారు మా చర్చిలో సంఘ పెద్ద. ముందు గదిలో గచ్చు మీద మోకాళ్ళు వేసి మొదలుపెట్టారంటే, పక్కింటివాళ్ళ గేదెతో సహా వీధిలో అందరికీ పేరుపేరునా దీవెనలు అడిగేవారు. పొయ్యి మీద అన్నం మాడిపోతోందని అమ్మ మధ్యలోనే "ఆమేన్" అనేసి లేచిపోయేది. అలాంటి మనిషి అమ్మ పోయాక ప్రార్థనే మానేశారు.

అప్పటికే డాక్టరుగారు మోకాళ్ళు అరిగిపోయాయనీ, గచ్చు మీద ఆనించొద్దనీ చెప్పారు. "పోనీ కుర్చీలో కూర్చుని చేసుకోండి నాన్నగారూ" అన్నాను. "కుర్చీలో కూర్చుని అడిగితే ప్రార్థనలా ఉండదమ్మా, ఎదురెదురు కూర్చుని తగువాడినట్టుంటది" అన్నారు. అంతే, ఇంక ఆ ఊసు లేదు. లైట్లు వేసే వేళకి బైబిలు ఒళ్ళో పెట్టుకుని, తెరవకుండా వీధిలోకి చూస్తూ ఉండిపోయేవారు. కంచంలో అన్నం కెలికి వదిలేసేవారు. ఈయన కూడా అమ్మ వెనకాలే వెళ్ళిపోతారేమోనని నాకు గుండెల్లో రాయి పడింది. రోజూ బస్సు దిగి ఇంటికి పరుగెత్తుకొచ్చేదాన్ని. ఇదంతా ఆ పాడు గచ్చు చేసిన పనేనని తేల్చేసుకున్నాను. ఫోన్లో చూస్తే చెక్క నేల మెత్తగా, వెచ్చగా ఉంటుందని ఎవరో దొరసాని నవ్వుతూ చెబుతోంది. ఇంకేం కావాలి! "కొల్లేటి చెమ్మకి తలుపులే ఉబ్బిపోయి మూసుకోవట్లేదు, నేలక్కూడా చెక్కంటావేంటే వెర్రిమొహమా!" అని మా పిన్ని నెత్తీ నోరూ కొట్టుకుంది. నేను వింటేనా?

ఒక ముసురు పట్టిన శనివారం నాన్నగారిని ఏలూరు తీసుకెళ్ళాను. నేల సామాన్లు అమ్మే పెద్ద కొట్టు. మెడకు టై కట్టుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చి, "ఇది ఓకు చెక్కండి, ఇది టేకండి, ఇది వాల్‌నట్టండి. చెమ్మకి తట్టుకునే రకవండి. రంగు చూసుకోండి" అంటూ కింద పరిచిన చెక్కలు చూపించాడు. నాన్నగారు రంగు చూడలేదు. చెప్పులు విప్పి, పంచె సర్దుకుని, ఓకు చెక్క మీద మోకాళ్ళు వేసి కళ్ళు మూసుకున్నారు. "గీతలు పడవండీ, భయం లేదండీ" అన్నాడు సేల్స్‌మన్, పాపం. కాసేపటికి నాన్నగారు నా భుజం పట్టుకుని లేచి "ఇది కాదండి" అన్నారు. టేకు మీద వేశారు. "ఇదీ కాదండి." టైల్సు కొనడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఇటు తిరుగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయి ఒక కేటలాగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. (అందులో ఉన్నవి బాత్రూం కుళాయిలు. అదీ తలకిందులుగా పట్టుకున్నాను.)

మూడోది వాల్‌నట్టు. దానిమీద మోకాళ్ళు వేసిన మనిషి ఎంతకీ లేవలేదు. నొప్పి చేసిందేమోనని దగ్గరికి వెళ్ళేసరికి గొంతు వినపడింది. "తండ్రీ, మా ఇంటిదాన్ని తీసుకెళ్ళిపోయావు. ఊళ్ళో అందరి కోసం అడిగాను, ఇచ్చావు. దాని ఒక్కదాని కోసం అడిగితే ఇవ్వలేదు. నీ మీద నాకు కోపంగా ఉంది తండ్రీ. చాలా కోపంగా ఉంది." అమ్మ సమాధి దగ్గర కూడా కన్నీటి చుక్క రాల్చని మనిషి ఆ చెక్క మీద తల ఆనించి బావురుమన్నారు. నేనూ కేటలాగు పడేసి పక్కనే కూలబడి ఏడ్చేశాను. ఇన్నాళ్ళూ ఆయన నోరు నొక్కేసింది మోకాళ్ళ నొప్పి కాదని నాకప్పుడు గానీ తెలియలేదు. చివరికి ఆ సేల్స్‌మనే (నుదుటి మీద ద్వారకా తిరుమల బొట్టు ఇంకా ఆరలేదు) మెల్లగా "ఆమేనండి" అని, చెయ్యిచ్చి లేవదీశాడు. నాన్నగారు కండువాతో మొహం తుడుచుకుని, "ఇది బాగుందండి, ఇదే ఇవ్వండి" అన్నారు.

ముందు గదిలో చెక్క వేయించాం. మొదటి సాయంత్రం నేను చీపురుతో, పొడిగుడ్డతో తెగ హడావుడి చేసి, "రండి నాన్నగారూ" అని పిలిచాను. ఆయన వస్తూ వస్తూ వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి, గది మధ్యలో వేసుకుని, దర్జాగా కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేంటండీ? మోకాళ్ళు వెయ్యరా?"

"కోపం కడుపులో పెట్టుకుని ఆయన ముందు కుర్చీలో కూర్చుంటే ఏం మాట వచ్చేస్తదోనని భయపడ్డానమ్మా. మొన్న ఏలూరులో అనేశాను కదా. ఇప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు."

"మరి ఈ చెక్కంతా ఎందుకండీ?"

"నువ్వు వేసుకో మోకాళ్ళు" అన్నారు తాపీగా. వేసుకున్నాను. ఆ సాయంత్రం పక్కింటి గేదె దాకా అందరికీ దీవెనలు అందాయి. చివర్లో "మా ఇంటిదాన్ని బాగా చూసుకో తండ్రీ" అని కూడా అడిగారు.

ఇప్పుడు నాన్నగారూ లేరు. పిన్ని చెప్పినట్టే వానాకాలం వస్తే ఆ చెక్క గోడవారగా ఉబ్బుతుంది, అడుగు వేస్తే కిర్రుమంటుంది. పీకించి టైల్సు వేయించమని చూసినవాళ్ళందరూ చెబుతున్నారు, నేను తల ఊపి ఊరుకుంటున్నాను. భుజానికి బ్యాగు తగిలించుకుని, నాన్న దుఃఖం ఓకు మీద తగ్గుతుందా, టేకు మీద తగ్గుతుందా అని ఏలూరు కొట్లో బేరమాడబోయిన ఆ వెర్రిపిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కోసారి నవ్వు పూర్తికాదు.