కన్నుగొట్టే ఎద్దు

బొమ్మ పెట్టనిదే తిమ్మప్ప ఏ మాటా ముగించలేడు. పెబ్బేరు సంతలో పగ్గాలు, ముకుతాళ్ళు, మెడగంటలు అమ్ముకునే మనిషి. ఆ పని మధ్యలోనే అమ్మకానికి వచ్చిన ఎద్దులకు వీడియోలు తీసి తన ఛానల్లో పెడతాడు. అందులో వింతేం లేదు. కానీ ప్రతి వీడియో పేరుకూ, కింద రాసే వివరానికీ ఫోనులో దొరికే బొమ్మలన్నీ అతికిస్తాడు, పెళ్ళికూతురికి నగలు దిగేసినట్టు.

ఈ బొమ్మల మనిషి తగాదా గెలవడం రంగమ్మ ఒకసారి కళ్ళారా చూసింది. రంగమ్మ అంటే, ఆమె నోరు విప్పితే సంతలో పశువులు కూడా పక్కకు తప్పుకుంటాయి. ఆ రోజు దశరథం అనే రైతు ఫోను ఊపుకుంటూ వచ్చి మీద పడ్డాడు.

"ఏంది తిమ్మప్పా గిది? నా కోడె పేరు ముందల కోపం మూతి ఎందుకు వెట్టినవ్? పొద్దుగాల సంది ఒక్కడు బేరానికి రాలె!"

"తీసేస్త అన్నా. నువ్ జర పోయి దాని ఎనక నిలవడు. నువ్ నిలవడ్డవంటే మూతి తీసేస్త."

దశరథం కోడెను చూశాడు. కోడె దశరథాన్ని చూసింది.

"ముందల నిలవడితే కాదా?"

"ముందల కొమ్ములున్నయ్ గదన్నా. దానికి ఇంకో బొమ్మ వెట్టాలె."

సంత విరగబడి నవ్వింది. కోపం మూతి అక్కడే ఉండిపోయింది. రంగమ్మ మాత్రం నవ్వలేదు. "నోటితోని చెప్పేదానికి బొమ్మలెందుకు రా? నీ నోరేమన్న పడిపోయిందా?" అంది.

మొదట్లో తిమ్మప్పకు అదుపే లేదు. మనసుపడ్డదల్లా నిప్పుమంట బొమ్మ మీద. దానికి 'అదిరింది' అని అర్థమని ఎవరో చెప్పారట. జోగులమ్మ అనే ఆమె వరిగడ్డి అమ్మబోతే, "జోగులమ్మ గడ్డివాము 🔥🔥🔥" అని పెట్టాడు. మధ్యాహ్నానికి వీపనగండ్ల నుంచి ఆమె చుట్టాలు ఆటో కట్టించుకుని, శోకాలు పెడుతూ దిగారు. వాముకు ఏమీ కాలేదు. ఓదార్చడానికి వచ్చిన అంతమందికి వండి పెట్టేసరికి జోగులమ్మకు మాత్రం ఓదార్పు కావలసివచ్చింది.

వనపర్తిలో డిగ్రీ చదివే కూతురు మనీషా అప్పుడు తండ్రిని కూర్చోబెట్టింది. "నాన్నా, ఫోన్ల పేరు సగమే కనవడ్తది. ఎనక ఎన్ని వెట్టినా దండగ. అసలు సంగతి చెప్పే బొమ్మ ముందల వెట్టు. మిగిలినయ్ కింద వివరంల వెట్టుకో."

తిమ్మప్ప బుద్ధిగా విన్నాడు. విని ఏం చేశాడు? లోకమంతా పేరు ముందు మెరుపులూ కిరీటాలూ పెట్టుకుంటుంటే, ఈయన ఎద్దుకున్న వంక తెచ్చి పెట్టాడు. తన్నేదానికి కోపం మూతి, కాడి కింద కూలబడేదానికి నిద్రమొహం, దగ్గేదానికి నోటికి గుడ్డ కట్టుకున్న మొహం. పూలూ చప్పట్లూ మాత్రం కింద వివరంలో ధారాళంగా చల్లేవాడు. అంత కిందికి ఎవరూ పోరని ఆయనకూ తెలుసు.

ఎవరైనా ఫోను చాపి "చూడు" అంటే, "కండ్లద్దాలు ఇంట్ల మర్శిన" అనడం రంగమ్మ అలవాటు. ఆ అద్దాలను ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. తిమ్మప్ప మాత్రం, "అవ్ పెద్దమ్మా, గీ దుమ్ముకు నాకే కనవడ్తలేదు" అని ఫోను జేబులో పెట్టుకునేవాడు.

ఇంతలో రంగమ్మ ఎద్దులకే సంతకు రావలసిన రోజు వచ్చింది. మోకాళ్ళు మొండికేయడంతో ఆమె కౌలు పొలం వదిలేసింది. కర్రోడు, మైలోడు ఒక జత. మైలోడికి కుడికన్ను లేదు. కర్రోడు పక్కనుంటే చాలు సాలు తప్పడు. విడదీస్తే అడుగు వేయడు. ఆమెకు పట్టిందల్లా ఒక్కటే, జత విడిపోకూడదు. వచ్చినవాళ్ళంతా కర్రోడొక్కడినే అడుగుతున్నారు.

తిమ్మప్ప వీడియో తీశాడు. పేరు ముందు కన్నుగొట్టే మొహం, పక్కన చేతులు కలిపిన బొమ్మ: "😉🤝 రంగమ్మ జత."

"ఓరి తిమ్మిగా! నా ఎద్దు ఎవరికి రా కన్నుగొడ్తుంది? ఈ వయసుల నా ఇంటికి గీ సరసాలేంది?"

"ఒక్క కన్నే ఉన్నదని చెప్పనీకి పెద్దమ్మా. గంతకన్న దగ్గరి బొమ్మ దొరకలె."

"కొనేటోడు వచ్చి చూసుకోడా? ముందుగాలనే డప్పు కొట్టాల్నా?"

"ఇంటికి వోయినంక చూసుకుంటే మైలోన్ని కొడ్తడు. కొట్టి మళ్ళ సంతకు తోల్కొస్తడు. అప్పుడొక్కన్నే."

రంగమ్మ తనకు బాగా వచ్చిన పనే చేసింది. తిట్టింది.

ఆ తర్వాతి సంత ఉత్తదే పోయింది. తిమ్మప్ప కన్నుగొట్టించడం వల్లే బేరం చెడిందని రంగమ్మ సంతంతా చాటింది. పై వారం బీచుపల్లి దిక్కు నుంచి బాలన్న అనే రైతు వచ్చాడు. కన్ను కనపడే వైపు నుంచే మైలోడి దగ్గరికి వెళ్ళి, ముందు పలకరించి, తర్వాత చెయ్యి వేశాడు.

"కుడికన్ను గదా అక్కా? ఎడమ దిక్కు గడ్త. కనవడని దిక్కు కర్రోడుంటడు. రెండూ కావాలె నాకు, ఇస్తవా?"

"పేరు సదివి వచ్చినవా?" అంది రంగమ్మ అనుమానంగా.

బాలన్న హాయిగా నవ్వాడు. "నాకు అక్షరమొక్కటి రాదక్కా. కన్నుగొట్టుడు జూసిన, చేతులు కలుపుడు జూసిన, బస్సెక్కిన. తిమ్మప్ప బొమ్మలుండంగ, జర సదివి వెట్టమని ఎవన్నీ బతిలాడే పనే లేదు."

రంగమ్మ బేరం ఒప్పుకుంది. జత కలిసే వెళ్ళింది. అలాగని తిమ్మప్ప మంచితనానికి మరీ మురిసిపోనక్కరలేదు. బాలన్నకు కొత్త పగ్గాలు పూర్తి ధరకే అంటగట్టాడు.

"ఎద్దులు వోయినయ్ గదా పెద్దమ్మా, ఇగ సంతకు రావా?"

"ఎందుకు, నీ బొమ్మలు జూడనీకా?"

"గందుకే. నా పక్కన కూసో. వీడియో వదిలే ముందు బొమ్మ చూపిస్త, ఎద్దుకేం వంకనో నువ్ చెప్పు. నీకు సమజైతే అందరికీ సమజైతది."

"అంటే నేను గంత మొద్దునా రా?"

"గదేం మాట? ఎద్దు వంక నీ లెక్క పట్టేటోళ్ళు ఈ సంతల ఎవ్వరున్నరు?"

రంగమ్మ కొంగు దులిపి నడుముకు చుట్టింది. "సరే తియ్, చూద్దాం. గని నా కండ్లద్దాలు..."

"గవి ఇంట్లనే ఉండనీ పెద్దమ్మా," అన్నాడు తిమ్మప్ప గంటలు తుడుస్తూ. "తెచ్చినవంటే పక్కన కూసోనియ్య."