గోడెక్కాల్సిన చేప

ప్రేమానందం గారు ముప్పై ఒక్క ఏళ్ళు మందుల కంపెనీలో మాత్రల రంగు సరిపోయిందో లేదో చూస్తూ గడిపారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక చచ్చిన జంతువుల మీద పడ్డారు. చర్మం ఒలిచి, ఆరబెట్టి, లోపల ఫోమ్ దిమ్మె పెట్టి, గాజుకళ్ళు అతికించి, అచ్చం బతికున్నట్టు నిలబెట్టడం ఆయన పని. వాళ్ళుండే అమెరికా ఊరు పిస్కాటవేలో మిగతా రిటైరైనవాళ్ళు గోల్ఫ్ ఆడతారు, షేర్లు చూసుకుంటారు. ఈయన గరాజ్‌లో ఉడత చెవులు నిలబడేలా అట్టముక్కలు పెడతారు.

ఆయన చేసిన మొదటి ఉడత వీసా రిజెక్టయిన మనిషిలా ముఖం పెట్టింది. ఆ తర్వాత ఫ్రీజర్‌లో గోంగూర పొట్లాల పక్కన కవర్లో చుట్టిన బాతు చేరింది. దాని మీద భార్య లూసీ ‘తినకూడదు’ అని తెలుగులో రాసి అంటించింది. ఇంగ్లీషులో రాస్తే ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోరని ఆమె నమ్మకం.

“గరాజ్ మీది, ఇల్లు నాది. చచ్చినది ఏదైనా లోపలికి వచ్చిందా, నేను ఫ్రీమాంట్‌లో మా చెల్లి దగ్గరికి టికెట్ బుక్ చేసుకుంటా” అని ఆమె ఏనాడో తేల్చేసింది.

ఏడేళ్ళుగా ఆయన ఆశ ఒక్కటే. తన చేతిపని ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, హాలు గోడెక్కాలి. రెండేళ్ళ కిందట రారిటన్ బేలో మూరన్నర పొడుగు స్ట్రైప్డ్ బాస్ అనే చారల చేప ఆయన గాలానికి పడింది. ఆరిన చేప చర్మానికి రంగు నిలవదు. అందుకని ఒక్కో పొలుసుకీ చేత్తో రంగు వేశారు. మాత్రల దగ్గర చూపించిన చాదస్తమంతా దాని మీద చూపించారు.

బతిమాలగా బతిమాలగా లూసీ ఒక మెట్టు దిగింది. “శనివారం మనింట్లో కృతజ్ఞతా కూడిక ఉంది కదా. ఆ పూటకి హాల్లో బల్ల మీద పెట్టుకోండి. వచ్చినవాళ్ళలో ఒక్కరు ‘ఛీ’ అన్నా, జన్మలో మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.”

శనివారం ఇరవై మంది వచ్చారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది, భోజనాలు మొదలయ్యాయి. ఎవరూ ‘ఛీ’ అనలేదు. ప్రేమానందం గారికి అన్నం సహించడం లేదు, అంత సంతోషం.

అప్పుడు సంఘపెద్ద షాలేం రాజు గారు లేచి చేప దగ్గరికి వెళ్ళారు. ఆయనది బందరు. బందరు మనిషి చేపని పొలుసు చూసి నమ్మడు, మొప్ప ఎత్తి లోపల ఎర్రగా ఉందో లేదో చూస్తాడు. ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళింది. మొప్ప టక్కుమని ఊడి చేతిలోకి వచ్చింది. లోపల బూడిద రంగు పుట్టీ ఉంది.

“అన్నగారూ, ఇది పోయిన చేపండీ. నిన్నటిది కూడా కాదు” అన్నారాయన జాలిగా.

“నిన్నటిదేంటి బ్రదర్, రెండేళ్ళ కిందటిది!” అనేశారు ప్రేమానందం గారు.

షాలేం రాజు గారి కూతురు జెనిఫర్ తన ప్లేటులోని చేపల పులుసు వంక చూసుకుంది. “ఆంటీ, ఇది కూడా అదేనా? ఛీ!” అంటూ ప్లేటు కింద పెట్టేసింది. మరో పది ప్లేట్లు కిందికి దిగాయి.

ఇంకేముంది, అయిపోయింది. ప్రేమానందం గారు కళ్ళనీళ్ళు ఆపుకుంటూ చేపని చంకన పెట్టుకుని గరాజ్ వైపు నడిచారు.

“ఆగండి” అంది లూసీ. ఆమె ముఖం కందిపోయి ఉంది. “మొప్పలో సిమెంటు రంగేంటండీ? మన పెళ్ళయిన దగ్గర్నుంచి పాడైన చేప ఎప్పుడైనా కొన్నానా నేను?”

“అక్కడెవరూ చూడరని పుస్తకాల్లో...”

“అందరూ చూసేదే అక్కడ కదండీ!”

లోపలికి వెళ్ళి ఎర్ర నెయిల్‌పాలిష్ తెచ్చింది. ఏడేళ్ళలో ఆయన చేసిన వస్తువుని ఆమె ముట్టుకోవడం అదే మొదలు. ఇరవై మంది చూస్తుండగా మొప్ప లోపల రెండు కోటింగులు వేసి, ఊడిన ముక్కని జిగురుతో అతికించి, ఆరేదాకా ఊదింది.

“రాజు గారూ, ఇప్పుడు చూడండి. మెల్లిగా.”

షాలేం రాజు గారు చిటికెనవేలితో ఎత్తి చూసి తల పంకించారు. “తాజా చేపేనమ్మా.”

జెనిఫర్ ప్లేటు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. మిగతావాళ్ళూ తీసుకున్నారు.

“జెనిఫర్ ఛీ అంది కదా” అన్నారు ప్రేమానందం గారు, నిజాయితీ పోగొట్టుకోలేక.

“పాడైన చేపని అంది. ఇది కాదు” అని లూసీ కుర్చీ ఎక్కి, హాలు గోడ మీదున్న తమ పెళ్ళి ఫోటో తీసి ఆయన చేతికిచ్చింది. “ఈ మేకు దాని బరువు ఆపుతుంది. అందుకోండి, చేపని ఇలా ఇవ్వండి.”