పాలు పట్టకుండా పడుకోబెట్టిన ఇంజిను

అక్టోబరు 13, సోమవారం, ఉదయం 6.10. నౌపడ దగ్గర తుఫాను డ్యూటీలో దిగాం. హాజరు: హవల్దారు, రేడియో ఆపరేటరు, డ్రైవరు, మెకానిక్కుగా నేను. డైరీలో ఐదో మనిషిని సాయంత్రం చేర్చాను: ఆ ఊరి ట్రాక్టరు మావ.

వాన వెలిసింది. కరెంటు లేదు. ఊరివాళ్ళంతా నీళ్ళకి అవతల బడిలో ఉన్నారు. మంచినీటి నుయ్యి ఇవతల మెరక మీద ఉంది. మధ్యలో నడుములోతు ఉప్పునీళ్ళు. నూతి నుంచి బడిదాకా పైపు ఉంది కానీ పంపు తిప్పే దిక్కు లేదు. మా జనరేటరు దారిలోనే తడిసి పాడైంది.

నూతి పక్క పాకలో మావ పాత చిన్న ట్రాక్టరు ఉంది. దాని ఇంజిను తిప్పే పక్క చక్రానికి బెల్టు వేసి పంపుకి తగిలించాం.

"మీ లారీలాటిది కాదల్లుడూ," అన్నాడు మావ. "లేవగానే దీనికి పెట్రోలు పాలు పట్టాల. ఒళ్ళు కాగినాక కిరసనాయిలు అన్నం. దీని తరవాత పుట్టినవి మొదట్నుంచీ డీజిలే తాగుతాయి. పడుకునే ముందు మళ్ళీ పాలు పట్టాల. మరిసిపోకు."

9.20కి బడికి నీళ్ళందాయి.

సాయంత్రం 6.00. ఆపమని ఆర్డరు. మావ అన్నానికి వెళ్ళాడు. పెట్రోలు అర సీసానే మిగిలింది. దాన్ని మిగుల్చుదామని కిరసనాయిలు మీదే ఆపేశాను. నేను నేర్చుకున్నవన్నీ డీజిలు ఇంజిన్లు. వాటిని ఎలా ఆపినా పొద్దున్న లేస్తాయి.

మర్నాడు 6.00. హ్యాండిలు పదకొండుసార్లు తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. అరచెయ్యి బొబ్బలెక్కింది.

బడి దగ్గరున్న మా ఆపరేటరు రేడియోలో: "బిందెలు వరసలో ఉన్నాయి. నీళ్ళేవి? ఓవర్."

"తప్పు నాది. ఆగండి. ఓవర్."

మావ వచ్చి ఇంజిను వాసన చూశాడు. "పాలు పట్టకుండా పడుకోబెట్టీసినావేటి?"

"పెట్రోలు మిగుల్తాదని, మావా."

"మిగిలింది కదా. ఇలా తే."

కార్బురేటరు కింది మర విప్పి, చల్లటి ఇంజినులో అంటుకోని కిరసనాయిలుని డబ్బాలోకి వంచాడు. ప్లగ్గు తీసి పంచెతో తుడిచాడు. అర సీసా పెట్రోలు పోశాడు. నన్ను పక్కకి నెట్టి తనే హ్యాండిలు పట్టాడు. రెండో తిప్పుకి ఇంజిను దగ్గింది. 6.47.

శుక్రవారం యూనిట్‌కి తిరిగి వెళ్ళాం. ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను. కళ్ళు మూసుకుంటే మాత్రం ఆ మంగళవారపు పొద్దే కనిపిస్తుంది. నీళ్ళకి అవతల, బడి అరుగు పొడవునా ఎండకి మెరుస్తున్న ఖాళీ బిందెలు. చివర ఒకావిడ బోర్లించిన బిందె మీద కూర్చుని మా వైపే చూస్తోంది. ఇంజిను మోత విని లేచింది. బిందెని మూతి పైకి తిప్పి పెట్టింది.