కిషన్‌రావు పిల్లి తూకం

సిరొంచలో కిషన్‌రావు పటేల్ ఇంట్లో ఇరవై ఏళ్లు పేడకళ్లు ఎత్తిన రాజవ్వకు ఆ మనిషి మీద వీసమెత్తు గౌరవం లేదు. పైకి "పటేలా" అంటుంది, లోపల తుపుక్కున ఉమ్ముతుంది.

ఎనభై నాలుగో సంవత్సరం అది. ఊరివాళ్ల మళ్లలో నాట్లు వేసీ వేసీ నడుము విరిగిన రాజవ్వ ఆ ఏడే మొదటిసారి ప్రాణహిత ఒడ్డున ఎకరం కౌలుకు పట్టింది. విత్తనానికని ముప్పై కిలోల వడ్లు ఏరి ఏరి పోగేసింది. గుడిసె చూస్తే కురుస్తుంది, ఎక్కడ దాచాలి? కిషన్‌రావు మీసం దువ్వాడు.

"మా ఇంట్ల పెట్టు రాజవ్వా. మా మోతి ఉండంగ ఎలుక ఈ వాకిలి తొక్కుతదా?"

మోతి ఆయన పిల్లి. రాజవ్వ నమ్మింది, అదీ ఆమె చేసిన తెలివితక్కువ పని. వెదురు గుమ్మిలో వేపాకు పరిచి, వడ్లు పోసి, పైన పేడ మెత్తింది. విత్తనపు గుమ్మి ఒకసారి మెత్తాక మిరుగు కార్తె దాకా, తొలకరి పడేదాకా విప్పరు. విప్పితే మొలక చస్తుందని అక్కడి నమ్మకం.

ఇక మోతి భోగం చూడాలి! పొద్దున మీగడ, మధ్యాహ్నం నెయ్యన్నం, సాయంత్రం వేయించిన ఎండుచేపలు. కూలివాళ్లు గంజిలో ఇంకాస్త ఉప్పు అడిగితే కసిరే మహానుభావుడు, పిల్లికి ముళ్లు తీసి మరీ తినిపించేవాడు. సంత రోజున దాన్ని వడ్ల తరాజులో కూర్చోబెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. నాలుగు కిలోలు. ఐదు. ఆరు! పొట్ట నేలకు రాసుకుంటూ నడిచేది. ఒకనాడు మూతి ముందునుంచే ఎలుక పోతుంటే ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది. అది చూసి రాజవ్వ పటేల్ దగ్గరికి పోయింది.

"పటేలా, జర దాని తిండి తగ్గియ్యుండ్రి. కడుపు నిండినంక ఎలుకనెందుకు పడ్తది? నా ఇత్తనాలు ఆడ్నే ఉన్నయి."

"ఏంది, నా ఇంట్ల పిల్లిని ఉపాసముంచాల్నా? నలుగురు ఏమంటరు? ఎంత బలుస్తె అంత బలం. నీకేం ఎరుక, పో!"

బలమట, బలం! కొవ్వుకూ బలానికీ తేడా తెలియని మనిషి ఊళ్లో పెద్దమనిషి.

మిరుగు వచ్చింది. రాజవ్వ గుమ్మి మీది పేడ పగలగొట్టింది. అడుగున పిడికిలి పట్టేంత కన్నం. లోపల ఊక, ఎలుక పెంటికలు. చేటలో చెరిగితే మిగిలినవి కాసిని గింజలు. ఆ మనిషి ముందు ఏడవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. గింజలు మూటగట్టి తరాజులో ఒక పళ్లెంలో పెట్టింది. రెండో పళ్లెంలో మోతిని ఎత్తి కూర్చోబెట్టింది. పిల్లి పళ్లెం దబ్బున నేలకు దిగింది.

"ఇగ చెప్పు పటేలా, మడిల దీన్ని నాటుకోవాల్నా నేను?"

కిషన్‌రావు వంగి తరాజు చూశాడు. సిగ్గుపడతాడేమో అనుకుంది, పిచ్చిది. ఆయన మొహం వెలిగిపోయింది.

"అరె! ఏడు కిలోలు దాటినట్టున్నది మా మోతి!"

రాజవ్వ మూట చంకన పెట్టుకుని వాకిలి దిగింది. ఆ ఇంట పేడ ఎత్తడానికి మళ్లీ పోలేదు. ఆ ఏడు ఆమె ఎకరంలో ఒక్క మూల మాత్రమే పచ్చబడింది.