మూడో రాజుకి గడి లేదు

1999 వేసవి. జగ్గయ్యపేటలో ఒక బియ్యం కొట్టు మీద అంతస్తులో నా కంప్యూటర్ సెంటరు ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఏసీ. ఆ ఏసీ పుణ్యాన ఊళ్లో సగంమందికి కంప్యూటర్ విద్య మీద హఠాత్తుగా భక్తి పుట్టింది. మూడు నెలల కోర్సు చదివిన నేను వాళ్లకి ఆరు నెలల కోర్సు చెప్పేవాణ్ణి.

ఒకరోజు నందిగామ నుంచి కోటేశ్వరరావు గారు వచ్చారు. ఎరువుల కొట్టు ఆయన వ్యాపారం, పౌరాణిక నాటకాలు ఆయన పిచ్చి. చుట్టుపక్కల ఊళ్ల తిరునాళ్లకి ఆర్టిస్టుల్ని కుదిర్చి పంపేది ఆయనే. ఎవరు ఏ నాటకంలో ఏ వేషం కడతారో ముప్ఫై ఏళ్లుగా ఒకే పుస్తకంలో రాసుకుంటూ వచ్చారు. దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. చదవడానికి మాత్రం ఆయనొక్కరే కావాలి.

"దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించండి. ఊళ్ల కమిటీలకి ప్రింటు పంపితే వాళ్లే చూసి పిలుచుకుంటారు. నాకు ఫోన్ల బాధ తప్పుద్ది" అన్నారు.

"వారం చాలండి" అన్నాను. ఎంత పడుతుందో నాకు తెలియదు గానీ, వారం అంటే వినడానికి బాగుంటుంది.

డేటాబేస్‌లో సమాచారమంతా గళ్ల కాగితంలాంటి టేబుళ్లలో ఉంటుంది. నేను ఒకే ఒక్క టేబుల్ గీశాను. ఎడమ గడిలో పాత్ర, కుడి గడిలో ఆర్టిస్టు. రాసిన పేరు ఏ వైపూ రెండోసారి పడకుండా ఒక తాళం కూడా వేశాను. దాన్ని యూనిక్ అంటారు. ఆ తాళం వేసినందుకు నన్ను నేనే మెచ్చుకుని టీ తెప్పించుకున్నాను.

పుస్తకంలో ఒక నాటకం కింద రాజు పాత్ర దగ్గర మూడు పేర్లున్నాయి. రెండో పేరు కొట్టగానే కంప్యూటర్ కుయ్‌మంది, రాజు ఇప్పటికే ఉన్నాడంది. నేను ముప్ఫై ఏళ్ల పుస్తకాన్ని అనుమానించాను గానీ మూడు రోజుల నా టేబుల్‌ని అనుమానించలేదు. మిగిలిన ఇద్దరికీ పుస్తకంలో ఇంకే వేషం కనబడితే అది కట్టబెట్టేశాను. ప్రింట్లు ఊళ్లకి వెళ్లిపోయాయి.

పది రోజులకి ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చారు. ఏసీలోకి చెప్పులతో రాకూడదని ఎవరో చెప్పారట, ఆయన వాటిని కింద రోడ్డు మీదే వదిలేశారు.

"కంప్యూటర్ బాబు మీరేనాండి?"

"నేనేనండి."

"నా పేరు వీరరాఘవయ్యండి. మాది కంచికచర్ల. నన్ను ద్వారపాలకుణ్ణి చేశారంట."

బదిలీ ఆర్డరు అందుకున్న ఉద్యోగిలా అడిగారు. నేను గొంతు సవరించుకున్నాను. "ఒక రాజుకి ముగ్గురు ఆర్టిస్టులెందుకండీ? ఒక్కరు చాలరా?"

ఆయన నవ్వారు. "తెల్లారేదాకా ఒక్క గొంతు ఆగుద్దా బాబూ? మొదటి రాజు దర్జాకి. రెండో రాజు కోపానికి. రాజ్యం పోయాక వచ్చే మూడో రాజుని నేను. ఏడుపంతా నా వాటా."

"మరి పుస్తకంలో ద్వారపాలకుడని ఉందే?"

"ఎవరో రాకపోతే ఒక్కసారి నిలబడ్డానండి. అది కూడా రాసుకున్నాడా ఆ మహానుభావుడు!"

తర్వాత అసలు సంగతి చెప్పారు. కంచికచర్ల కమిటీవాళ్లు నా ప్రింటులో మూడో రాజు లేడు గనక ఆఖరి రంగమే తీసేశారు. నాటకానికి ఇంకా ఐదు రోజులే ఉంది.

"గుమ్మంలో నిలబడటానికి నాకేం నామోషీ లేదండి. మా ఆవిడకి రెండేళ్లుగా చూపు లేదు. నాటకానికి నన్ను వినటానికొస్తుంది. ద్వారపాలకుడికి పద్యం లేదు కదా బాబూ."

జగ్గయ్యపేట మొత్తానికి చల్లగా ఉండే ఆ ఒక్క గదిలో నాకు చెమటలు పట్టాయి.

ఒక పాత్రకి చాలామంది ఆర్టిస్టులు, ఒక ఆర్టిస్టుకి చాలా పాత్రలు. దీన్ని మెనీ-టు-మెనీ సంబంధం అంటారు. నా మూడు నెలల కోర్సులో ఆ పాఠం చెప్పిన రోజు నేను మ్యాట్నీకి వెళ్లాను. పెద్దాయన్ని కూర్చోబెట్టి, పుస్తకాల అట్టల దుమ్ము దులిపి అప్పుడు నేర్చుకున్నాను. ఆర్టిస్టులకి ఒక టేబుల్, నాటకాల్లోని పాత్రలకి ఒక టేబుల్, రెండింటినీ కలుపుతూ మధ్యలో ఒక జంక్షన్ టేబుల్. అందులో ఒక్కో వరుసకి ఫలానా ఆర్టిస్టు, ఫలానా పాత్ర, ఫలానా రంగం. తాళం ఇప్పుడు ఒక్కో పేరుకి కాదు, మూడింటికీ కలిపి. వీరరాఘవయ్య గారు పక్కన కూర్చుని రంగాలు చెబుతుంటే, మధ్యమధ్య పద్యాలు కూడా వస్తుంటే, నేను కొట్టుకుంటూ పోయాను.

మర్నాడు కొత్త ప్రింటు పట్టుకుని కోటేశ్వరరావు గారే కంచికచర్ల బస్సెక్కారు. సాయంత్రం ఫోన్ చేశారు. "ఆఖరి రంగం మళ్లీ పెట్టారండి. మీరు ఒక్క మీట నొక్కితే రాజ్యాలు పోతన్నాయి, కాస్త చూసి నొక్కండి."

నాటకం అయిన వారానికి వీరరాఘవయ్య గారు భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. సీతారావమ్మ గారు ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కారు.

"ఏవయ్యా, మా ఆయన్ని గుమ్మంలో నిలబెట్టింది నువ్వేనా?"

"నేనేనండి."

"మళ్లీ రాజుని చేసింది?"

"అదీ నేనేనండి."

"అయితే సరికి సరి. విన్నాలే. మూడో పద్యం కాడ గొంతు జీరపోయింది ఈయనకి."

"పోలేదే!" అన్నారాయన.

"పోయింది. ఏవయ్యా, ఈయన పేరు మీద అందులో ఏవేమున్నాయో చదువు."

టేబుల్‌ని అడిగే ప్రశ్నని క్వెరీ అంటారు. అడిగాను. పదకొండు వరుసలొచ్చాయి. చదువుతుంటే ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు.

"ఒకటి తగ్గింది. రాకుమారి ఏదీ?"

వీరరాఘవయ్య గారు గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

"కోటేశ్వరరావు ఆ పుస్తకం మొదలెట్టకముందు ఈయన ఆడవేషాలు కట్టేవాడు. నేను మొదట చూసింది ఆ రాకుమారినే. తర్వాత పెళ్లిచూపులకి ఈయనొచ్చాడు. రాకుమారే బావుంది."

"ఆ నాటకం ఇప్పుడెవరూ ఆడటం లేదే" అని గొణిగారాయన.

"ఆడకపోతే, నువ్వు వెయ్యనట్టా?"

నాటకం పేరు, రాకుమారి పాత్ర ఎక్కించాను. రంగం గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదు. "ఏ రంగం అమ్మా?" అని అడిగాను.

"అన్నీ అని రాయి."

రాశాను.

ఆ తర్వాత స్కూళ్లకీ, లారీ ఆఫీసులకీ, మైలవరంలో ఒక మామిడికాయల మండీకీ డేటాబేసులు చేశాను. ఎక్కడైనా సరే, గడి గీసే ముందు "ఇందులోకి రెండోవాళ్లు కూడా వస్తారా?" అని అడుగుతాను. మనిషికీ అతని పనికీ మధ్య ఉన్నది ఆ మనిషి గడిలోనూ ఇమడదు, పని గడిలోనూ ఇమడదు. దానికి వేరే చోటు ఇవ్వాలి.

ఇంకొన్నాళ్లకి కోటేశ్వరరావు గారు ఎవరూ ఆడని నాటకాలన్నీ తీసేయమన్నారు. తీసేశాను, ఆ పన్నెండో వరుస తప్ప.