తలంబ్రాల దగ్గర ఆగిన అక్షరాలు

నరసరావుపేటలో మా వీడియో అబ్బాయి పోయాడు. జ్వరమని పడుకున్నవాడు లేవలేదు. "పాపం, పెళ్ళిళ్ళు బాగా తీసేవాడు" అన్నారు మీలో చాలామంది. అది సరిదిద్దాలి. అతను పెళ్ళిళ్ళు తీయలేదు. ఎవరో తీసి పడేస్తే, దర్జీ కొట్టు పైగదిలో కూర్చుని అక్కర్లేని బంధువుల్ని కోసేసి, మిగిలినవాళ్ళని అతికించేవాడు. బంధువులతో చేయదగ్గ మంచి పని అంతకన్నా నేనెరగను. నలభై దాటినా ఊరికి అబ్బాయే.

మా మనవరాలికి పుట్టుకతో వినపడదు. బధిరుల బడిలో తెలుగు చక్కగా చదవడం నేర్చింది. దాని పెళ్ళి క్యాసెట్టూ అతనే చేశాడు. అందరికీ చేసినట్టే మాటలు తీసేసి, పొడుగునా సినిమా పాటలు పరిచాడు. మాటలున్న కెమెరా టేపు మీద ఇంకో పెళ్ళి తీసేశారు. ఎవరూ తప్పనుకోలేదు. పెళ్ళిళ్ళలో మనం మాట్లాడుకునేదానికి పాటలే నయం.

మరుసటి ఏడు దాని తండ్రి, మా పెద్దవాడు, పోయాడు. క్యాసెట్టులో అప్పగింతలప్పుడు వాడు కూతురి తల మీద చెయ్యి వేసి ఏదో చెబుతూ ఉంటాడు. మొహం సగమే కనబడుతుంది. అది వాడి భుజంలో మొహం దాచుకుంది. మేళం హోరులో పక్కవాళ్ళకీ వినపడలేదు. నేను వంటవాళ్ళతో పోట్లాటలో ఉన్నాను. వినపడని పిల్లకి అంతసేపు ఏం చెప్పాడో.

మనవరాలు తెర మీద తండ్రి నోటి దగ్గర వేలు పెట్టి నా వైపు చూసింది. క్యాసెట్టు తీసుకుని పేట వెళ్ళాను.

"కెమెరా మైకులో పడింది, పాటేసేటప్పుడు విన్నా పెద్దమ్మా. అన్న చెప్పిన మాట నాకు గుర్తుంది" అన్నాడు.

"మరి చెప్పరా."

"నీకెందుకు చెప్తా? బిడ్డకి చెప్పిన మాట బిడ్డే ముందు చదవాల. బొమ్మ కింద రాస్తా. పెళ్ళంతా రాస్తా."

అక్కణ్ణించి మొదలైంది అక్షరాల వేట. విజయవాడలో కంప్యూటర్ల వాళ్ళు బొమ్మ కింద అక్షరాలు వేసే ఫ్లాపీలు చూపించారు. ఒకదానిలో ఇంగ్లీషు తప్ప లేదు. ఇంకోదానిలో తెలుగుంది గానీ, వత్తులు అక్షరం కిందికి రాకుండా అలిగిన వియ్యపురాళ్ళలా పక్కన నిలబడేవి.

"ఎనిమిది రంగులొస్తయ్యండీ" అన్నాడు కొట్టతను.

"రంగులెందుకయ్యా, అక్షరం పిల్ల చదివిందాకా ఆగిద్దా?" అన్నాడు మా వీడియో అబ్బాయి.

ప్రతిదాని ముందూ మనవరాల్నే కూర్చోబెట్టేవాడు. అది తల ఊపితేనే సరి. "నోరు మూసినాక గూడా మాట ఒక గుక్కసేపు నిలబడాల" అనేవాడు.

"ఏంది నీ చాదస్తం? ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసెయ్" అన్నాను.

"అన్న ఇంగ్లీషులో ఏడ్చాడా పెద్దమ్మా?"

మళ్ళీ విజయవాడకి బస్సు చార్జీలు తీసి ఇచ్చాను.

చివరికి సరైనది మద్రాసు నుంచి వచ్చింది. అప్పగింతలే ముందు రాయమన్నాను. కుదరదట. పాత టేపు నడుస్తుండగా అక్షరాలతో కలిపి కొత్త టేపు మీదికి ఎక్కించాలి, మొదట్నించీ వరసగా. ఎవరేమన్నారో గుర్తుచేసుకుని, గుర్తులేనిది మమ్మల్ని అడిగి రాశాడు. ముహూర్తానికి ముందు పెట్టిన విందులో "పప్పులో ఉప్పెవడు తిన్నాడు" అన్నది నేనట. అదీ వదల్లేదు.

తలంబ్రాల దాకా వచ్చాడు. అంతే.

ఆ మాట ఎక్కడా రాసిపెట్టలేదు. అతని తలలో ఉండేది, అతనితో మట్టిలోకి వెళ్ళింది. దేవుడి న్యాయం గురించి నాకు చెప్పడానికి ఎవరూ రావద్దు. అతను పోయాక మనవరాలు ఇంకా మళ్ళీ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా నోట్లోనూ లేదు, చేతుల్లోనూ లేదు.

పేట వెళ్ళేవాళ్ళు ఎవరైనా కింద దర్జీని అడిగి పైగది తాళం తీయించండి. మెషిన్లలో రెండు టేపులుంటాయి. కొత్తది తీసి, పొడిబట్టలో చుట్టి మాచర్ల బస్సులో నాకు పంపండి. వెనక్కి తిప్పకండి. ఆగినచోట మా పెద్దవాడు తలంబ్రాలు చూస్తూ నిలబడి ఉంటాడు. బొమ్మ కింద 'నాన్న గట్టిగా నవ్వుతున్నాడు' అని రాసి ఉంటుంది. అక్కడే ఉండనివ్వండి.